రోజుకు 16 మాత్రలు: మనసు తేలికపడేలా పాట కట్టడం ఎలా

మా నాన్న ఫోన్‌లో రాత్రి 8 గంటలకు అలారం ఉండేది, బీపీ మాత్ర గుర్తు చేయడానికి. పెద్దకర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయిన రోజు రాత్రి, బీరువా మీద ఛార్జర్‌కి తగిలించి ఉన్న ఆ ఫోన్ ఠంచనుగా మోగింది. మేమెవరం లేవలేదు. దానంతట అదే ఆగింది. మర్నాడూ మోగింది. అలారం తీసేయడానికి రెండు సెకన్లు చాలు. మూడు నెలలు తీయలేకపోయాను.

ఆ మూడు నెలలూ నిద్ర సరిగ్గా పట్టేది కాదు. డైరీ రాయమని ఒక స్నేహితుడు చెబితే రాశాను. మర్నాడు తిరగేసి చూస్తే నాలుగు పేజీల నిండా "తీరని లోటు", "బరువెక్కిన గుండె" తప్ప ఇంకేం లేవు. చౌరస్తాలో కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద మాటలకీ నా డైరీకీ తేడా కనబడలేదు. ఒక రాత్రి మంచం మీద పడుకుని సీలింగ్ ఫ్యాన్ టకటక వింటుంటే, ఆ టకటకకి సరిపోయేట్టు ఒక ముక్క నోట్లో ఆడింది: "ఎనిమిది కొట్టిన వేళకు రోజూ". నాది లెక్కలు రాసే ఉద్యోగం, చేతులు ఊరుకోవు. వేళ్ల మీద లెక్కేశాను. సరిగ్గా 16 మాత్రలు. నాన్న వేసుకునేదీ మాత్రే, పాటలో అక్షరం పలికే కాలాన్ని కొలిచేదీ మాత్రే. చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

తెలుగులో పాట రాస్తారని అనేకంటే పాట కడతారని అనడమే పాత అలవాటు. గోడ కట్టినట్టు, దండ కట్టినట్టు. మనసుకి మేలు చేసేది ఆ కట్టడమేనని నా అనుభవం. దుఃఖాన్ని వెళ్లగక్కడం వేరు, దాన్ని కొలిచి వరసలో పెట్టడం వేరు. ఈ రెండో పనిని సంగీతం రానివాళ్లు, ఛందస్సు చదవనివాళ్లు ఎలా చేయొచ్చో ఒక్కో మెట్టుగా చెబుతాను. నాకూ సంగీతం రాదు.

ముందుగా, ఒంటికి ఏమవుతుందో ఉన్నదున్నట్టు

పాట కడితే షుగరు తగ్గదు. బీపీ మాత్ర మానేయకూడదు. ఇది చెప్పకుండా ఈ విషయంలో ఎవరు ఏం చెప్పినా నమ్మకండి.

తెలిసినంతలో గట్టి ఆధారం ఉన్నది రాయడం గురించి. అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ 1986లో ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ పిల్లల్ని కొన్ని జట్లు చేసి, కొందరిని తమకు తగిలిన పెద్ద దెబ్బ గురించి, మిగతావాళ్లని మామూలు విషయాల గురించి రాయమన్నారు. రోజుకు 15 నిమిషాలు, వరసగా 4 రోజులు. జరిగిందేమిటో, అప్పుడు తమకేమనిపించిందో రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి 6 నెలల్లో కాలేజీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. కానీ రాసి లేచిన వెంటనే వాళ్లకి దిగులు ఎక్కువైంది, రక్తపోటు కూడా కాస్త పెరిగింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది. ఆ తర్వాత ఇలాంటి ప్రయోగాలు వందకు పైగా జరిగాయి. 2006లో 146 ప్రయోగాల్ని కలిపి లెక్కగట్టిన విశ్లేషణ తేల్చింది ఏమిటంటే, లాభం ఉంది, అది సగటున చిన్నదే. నాకది నిజాయితీగా అనిపించింది. పైసా ఖర్చు లేని పనికి చిన్న లాభమైనా లాభమే కదా.

పాటల సంగతికొస్తే, సంగీత చికిత్సలో పాట కట్టించడం ఒక పద్ధతిగా ఎప్పటినుంచో ఉంది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫెలిసిటీ బేకర్ దీని మీదే ఏళ్లుగా పనిచేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో కళలకీ ఆరోగ్యానికీ ఉన్న లంకె మీద 3,000కు పైగా అధ్యయనాలు పరిశీలించి ఒక నివేదిక వేసింది. కళలు చికిత్సకు తోడు నిలుస్తాయని అందులో ఉంది. తోడు అన్న మాట దగ్గర ఆగండి. బదులు అనలేదు.

మన ఇళ్లలో ఇది కొత్తేమీ కాదు. తిరగలి ముందు ఇద్దరాడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుని తిప్పేటప్పుడు అత్తింటి ఆరళ్లన్నీ పాటలోనే బయటికొచ్చేవి. మామూలు మాటగా అంటే గొడవ అయ్యేది, పాటగా అంటే పిండి అయ్యేది. రోకటి పాటలు, నాట్ల పాటలు, అప్పగింతల పాటలు అన్నీ ఆ కోవలోవే. ఒంటి కదలిక, ఊపిరి, మాట మూడూ ఒకే తాళానికి నడిచేవి.

మొదటి మెట్టు: చేత్తో పట్టుకోగల వస్తువు

"బాధ" మీద పాట కట్టలేరు. "ప్రేమ" మీదా కట్టలేరు. అంటే కట్టొచ్చు, అదిగో, ఆ ఫ్లెక్సీ మాటలే వస్తాయి. ఇంట్లో తిరిగి ఒక వస్తువు పట్టుకోండి: విడిచిన చెప్పులు, ఎవరూ వాడని పెద్ద గిన్నె, పాత ఊరి బస్సు పాసు, ఆస్పత్రి ఫైలు, అలారం మోగే ఫోను. ఉద్యోగం పోయినవాళ్లకి మెడలో వేసుకునే ఐడీ కార్డు తాడు చాలు. పిల్లలు విదేశాలకు వెళ్లిపోయిన ఇంట్లో వీడియో కాల్ కోసం గోడకు ఆనించిపెట్టే ఫోన్ స్టాండు చాలు.

ఇంకో మాట. అన్నిటికన్నా లోతైన గాయంతో మొదలుపెట్టొద్దు. రాస్తుంటే తట్టుకోలేననిపించే విషయాన్ని పక్కనపెట్టేయమని పెన్నెబేకరే చెబుతారు. మొదటి పాటకి పదిలో నాలుగైదు వంతులు నొప్పి ఉన్నది ఎంచుకోండి. నేను మా అమ్మ పోయిన సంగతి ముట్టుకోలేదు, ఇప్పటికీ. నాన్న అలారం దగ్గరే ఆగాను.

రెండో మెట్టు: నాలుగు రోజుల చిత్తు

ఆ వస్తువు గురించి రోజుకు 15 నిమిషాలు, 4 రోజులు, మామూలు వచనంలో రాయండి. ప్రాస వద్దు, అందం వద్దు, అక్షరదోషాల బెంగ వద్దు. ఏం జరిగింది, ఎవరేమన్నారు, ఏ వాసన, ఏ చప్పుడు.

ఈ దశలో చేయాల్సిన అసలు పని భావానికి సరైన పేరు వెతకడం. ఇక్కడ తెలుగు మనకి పెద్ద ఆస్తి ఇచ్చింది, మనం దాన్ని "ఫీలవుతున్నా" అనే ఒక్క మాటతో ఖర్చు చేసేస్తున్నాం. దూరమైన మనిషి కోసం పడేది బెంగ. రాబోయేదేదో తలుచుకుంటే పుట్టేది గుబులు. ఏం చేయలేక, చేతగాక వచ్చే కోపం ఉక్రోషం. ఎవరైనా వచ్చి బతిమాలాలని ఉండే కోపం అలక. కారణం చెప్పలేని నీరసం దిగులు. ఏదో ఉండాల్సింది లేకపోవడం వెలితి. మీది ఏది? నాది బెంగ అనుకుని మొదలుపెట్టాను. మూడో రోజుకు తేలింది, అందులో సగం ఉక్రోషమని. ఆస్పత్రిలో చివరి రోజు నన్ను లోపలికి పంపలేదు, అదీ సంగతి.

పేరు పెట్టడం ఉత్త మాటల ఆట కాదు. అమెరికా మనస్తత్వవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో భయం, కోపం నిండిన ముఖాల ఫొటోలు చూపిస్తూ మెదడుకు స్కాన్ తీసింది. ఆ భావానికి పేరు చెప్పమన్నప్పుడు, భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగంలో ఉద్రేకం తగ్గింది.

రాసి లేచాక మనసు బరువుగా ఉంటుంది. చెప్పాను కదా, ఆ ప్రయోగంలోనూ అంతే. అందుకే రాసిన వెంటనే బండి తీసుకుని రోడ్డెక్కొద్దు, ఎవరికీ ఫోన్ చేసి పాత లెక్కలు తేల్చొద్దు. ఇన్ని బియ్యం కడిగి కుక్కర్ పెట్టండి, మొక్కలకు నీళ్లు పోయండి. మామూలుగా కాసేపట్లో దిగుతుంది. రెండు రోజులైనా దిగకపోతే ఆ విషయం మార్చేయండి.

మూడో మెట్టు: బాణీ అప్పు తెచ్చుకోవడం

కొత్తగా మొదలుపెట్టేవాళ్లందరూ ఇక్కడే బోర్లా పడతారు. మాట, బాణీ రెండూ ఒకేసారి సృష్టించాలనుకుంటారు. అక్కర్లేదు. పాత భజన పాటల పుస్తకాల్లో పాట పైన "వరుస" అని రాసి ఇంకో పాట పేరు ఉంటుంది చూడండి, అంటే ఆ బాణీలో పాడుకోండని. అందులో సిగ్గుపడేదేం లేదు. సంగీత చికిత్సకులు కూడా తెలిసిన పాటకు కొత్త మాటలు పెట్టించే పద్ధతిని వాడతారు.

మీకు నోటికొచ్చిన లాలిపాట, హారతి పాట, బడిలో నేర్చుకున్న గేయం, బతుకమ్మ పాట ఏదైనా తీసుకోండి. బతుకమ్మ బాణీ కొత్తవాళ్లకి బంగారం. ఒకరు ఒక ముక్క అందుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు "ఉయ్యాలో" అని చప్పట్లు కొట్టేలోపు తర్వాతి ముక్క ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. పల్లవి ముక్క మళ్లీ మళ్లీ రావడం అందం కోసమేననుకునేవాణ్ణి. పాట కట్టేవాడి ఊపిరి కోసం కూడా అని తర్వాత అర్థమైంది.

బాణీలేవీ గుర్తులేకపోతే ఉత్త నడక చాలు. చేత్తో బల్ల మీద కొట్టండి. తకిట అంటే మూడు, ఉయ్యాల ఊగినట్టు ఉంటుంది, లాలికి బాగుంటుంది. తకధిమి అంటే నాలుగు, మనిషి నడిచినట్టు ఉంటుంది. తకతకిట అయిదు, కాస్త తుళ్లింత. తకిట తకధిమి ఏడు, ఒక కాలు ఈడ్చినట్టు సాగుతుంది, చెప్పుకోలేని బాధలకి కుదురుతుంది. గురజాడ 1910లో ముత్యాల సరాలకు వాడింది ఈ ఏడు నడకే. మొదటి పాటకి మాత్రం నాలుగే పట్టుకోండి. నాలుగు నాలుగులు పదహారు, ఒక లైను.

నాలుగో మెట్టు: మాత్రల లెక్క

లెక్క చాలా తేలిక. కనురెప్ప పాటు కాలం ఒక మాత్ర అన్నారు పెద్దలు. క, కి, కు, కె, కొ లాంటి పొట్టి అక్షరాలకి ఒకటి. కా, కీ, కే, కో, కై లాంటి వాటికి రెండు. పక్కన సున్నా ఉన్నా, పొల్లు ఉన్నా రెండు. ఒత్తక్షరానికి ముందున్న అక్షరం పొట్టిదైనా రెండే, ఎందుకంటే దాన్ని ఊని పలుకుతాం. "అమ్మ" అన్నప్పుడు "అ" మీద బరువు పడుతుంది చూడండి, అందుకని అమ్మ మూడు మాత్రలు. నాన్న కూడా మూడే. ఈ విషయంలో ఇద్దరికీ తగాదా లేదు. చెల్లెలు నాలుగు, అన్నయ్య అయిదు.

ఇప్పుడు నా డైరీలో మొదటి వాక్యం: "నాన్నా నువ్వు లేని లోటు తీరనిది". లెక్కేస్తే 4, 3, 3, 3, 5, మొత్తం 18. రెండు ఎక్కువ, పైగా తకధిమికి ఎక్కడా అడుగు పడదు. రెండు మాత్రలు తీసేయాలి కదా అని చూస్తే "లోటు" కనబడింది. తీసేశాను. ఏం లోటూ రాలేదు. అప్పుడు తెలిసింది, ఆ వాక్యంలో మా నాన్న లేడని. ఎవరి నాన్నకైనా సరిపోయే వాక్యం అది. మొత్తం కొట్టేసి చిత్తులోకి వెళ్లాను. అక్కడ ఉన్నది ఇంతే: "8కి ఫోన్ మోగుతుంది. మాత్ర ఏదీ అని అడిగినట్టుంటుంది."

ఎనిమిది, 4. కొట్టిన, 4. వేళకు, 4. రోజూ, 4. ఇది ఫ్యాన్ ఇచ్చిన లైను. రెండో లైనుకి గంటన్నర పట్టింది. "అలారం మోగును" అని మొదలుపెట్టాను, "అలారం" అయిదు మాత్రలు, కాలు తడబడుతుంది. "సెల్‌ఫోన్" అన్నాను, 4 కుదిరింది గానీ నోరు తిరగలేదు. "ఫోనే" అంటే 4. ఆ "ఏ"కారంతో ఫోను మనిషైపోయింది. అడుగును, 4. మాత్ర ఏది అంటూ అన్నదాన్ని కలిపి పలికితే మాత్రేదంటూ, 8.

ఎనిమిది కొట్టిన వేళకు రోజూ
ఫోనే అడుగును మాత్రేదంటూ

ఆ గంటన్నరలో నేను ఏడవలేదు. ఏడవకూడదని కాదు, తీరిక లేక. నాలుగు మాత్రల మాట వెతికే మనసుకి మూలకు కూర్చుని కుమిలే వ్యవధి ఉండదు. డైరీలో మనసు దుఃఖంలో మునిగి ఉంటుంది, పాట దగ్గర దుఃఖం మనసు చేతిలో ఉంటుంది. నాకు పనిచేసింది ఇదేనని నమ్ముతున్నాను.

యతి (లైను మొదటి అక్షరానికి మధ్యలో జోడీ కుదర్చడం), అంత్యప్రాస (లైన్ల చివర ఒకేలా మోగడం) పెట్టాలా? వస్తే రానివ్వండి, వెంటపడొద్దు. ప్రాస కోసం పడిన మాట ఎప్పుడూ కొంచెం అబద్ధం ఆడుతుంది.

అయిదో మెట్టు: చరణంలో మలుపు

పల్లవి గుండ్రంగా తిరుగుతుంది. దాని పని అదే. చరణం కూడా అక్కడే తిరుగుతుంటే ప్రమాదం. ఒకే బాధని పదేపదే నెమరు వేయడం దిగులును పొడిగిస్తుందని మనస్తత్వవేత్త సూసన్ నోలెన్-హెక్సెమా జీవితమంతా చేసిన పరిశోధన. పాట ముసుగులో అదే పని జరగొచ్చు. పది పాటలు కట్టి పదీ "నన్ను మోసం చేశావు" అయితే అది పాట కట్టడం కింద రాదు, పుండు గోకడం కిందకొస్తుంది.

ఎలా తప్పించుకోవాలో పెన్నెబేకర్ బృందం తర్వాత చేసిన మాటల లెక్కల్లోనే ఉంది. రాత వల్ల మేలు పొందినవాళ్ల కాగితాల్లో రోజులు గడిచేకొద్దీ "ఎందుకంటే", "అర్థమైంది" లాంటి మాటలు పెరిగాయి. నేను, నువ్వు, వాళ్లు అనే సర్వనామాలు ఒకచోట గడ్డకట్టకుండా అటూ ఇటూ మారాయి. కాబట్టి చరణానికి ఒక చిన్న నియమం పెట్టుకోండి: ఒక చరణం "నేను"తో ఉంటే ఇంకోటి ఎదుటివాళ్ల వైపు నుంచి, లేదా ఆ వస్తువు వైపు నుంచి. ఒక చరణం అప్పుడు, ఇంకోటి ఇప్పుడు. ఎంత కోపం ఉన్న పాటైనా ఒక్క చరణం ఎదుటివాళ్ల నోటితో పాడి చూడండి. వాళ్లని క్షమించాలని నేను అనను, క్షమించమని సలహాలిచ్చేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. వాళ్ల నోట్లో మాట పెట్టేటప్పుడు మన నోరు కాసేపు ఊరుకుంటుంది, అంతే.

నా మొదటి చరణం ఇది:

గ్లాసున నీళ్లను ముంచితి గానీ
అందుకునేందుకు చెయ్యే లేదు

దీని తర్వాత నెల రోజులు ఒక్క లైనూ రాలేదు. కూర్చున్నప్పుడల్లా ఇంకో ఏడుపు చరణమే వచ్చేది, కొట్టేసేవాణ్ణి. ఈలోగా ఆఫీసులో కళ్లు తిరిగితే డాక్టరు దగ్గరికి వెళ్లాను. బీపీ 150, 96. రెండు వారాలు చూసి మాత్ర రాశారు, రోజూ ఒకే వేళకు వేసుకోమన్నారు. ఏ వేళకని ఆయన అడిగితే ఆలోచించకుండానే చెప్పేశాను. ఆ రాత్రి పాట పూర్తయింది:

నాకూ వచ్చెను నీ బీపీయే
నీ ఫోన్ మోగితె మాత్రేస్తున్నా

అలారం తీసేయాల్సిన పని తప్పింది.

ఆరో మెట్టు: గొంతు విప్పడం

కాగితం మీదే ఉంచేస్తే సగం లాభం పోతుంది. పాడాలి. శ్రుతి అక్కర్లేదు, వంటింట్లోనో మేడ మీదో ఒక్కరే ఉన్నప్పుడు పాడండి.

ఇందులో ఊపిరి లెక్క ఒకటుంది. ఇటలీకి చెందిన లూసియానో బెర్నార్డి బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వేసింది. 23 మందిని లాటిన్ జపమాల ప్రార్థన, "ఓం మణి పద్మే హుం" మంత్రం చదవమన్నారు. రెండూ ఊపిరిని నిమిషానికి దాదాపు ఆరుసార్లకు దించాయి. రక్తపోటును సర్దే ప్రతిచర్య ఆ వేగం దగ్గర చురుకైంది. వాళ్లు చూసింది నా బీపీ పాటని కాదనుకోండి. కానీ లెక్క అరువు తెచ్చుకోవచ్చు. నిమిషానికి ఆరు అంటే ఒక ఊపిరికి 10 సెకన్లు. ముక్కుతో 4 సెకన్లు నింపండి, 16 మాత్రల లైనుని 6 సెకన్లలో నిదానంగా వదలండి. ఒక ఊపిరికి ఒక లైను. అలా 5 నిమిషాలు పాడితే 30 లైన్లు, అంటే ఆరు లైన్ల చిన్న పాట అయిదుసార్లు. తల తేలినట్టు అనిపిస్తే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టే పనులేవీ చేయొద్దు, వచ్చినంత వరకు పాడితే చాలు. 6 సెకన్లలో ఊపిరి చాలక మధ్యలో తెగితే, తప్పు మీ ఊపిరితిత్తులదే కానక్కర్లేదు. లైను బరువై ఉండొచ్చు. ఒత్తులు తగ్గించి చూడండి.

గొంతు బొంగురుపోతే రెండు రోజులు ఆపండి, నీళ్లు తాగండి. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి. అది పాటతో వచ్చిందో ఇంకోదానితో వచ్చిందో తేల్చాల్సింది ఆయనే.

నడుస్తూ కట్టడం నాకు బాగా నచ్చిన పద్ధతి. నిమిషానికి 100 అడుగులంటే చురుకైన నడక. అడుగుకి రెండు మాత్రలు వేసుకుంటే లైనుకి ఎనిమిది అడుగులు. ఉదయం కాలవగట్టు మీద నేను గొణుక్కుంటూ వెళ్తుంటే మొదట్లో జనం వింతగా చూసేవారు. ఇప్పుడు జపం చేసుకుంటున్నాననుకుని పక్కకి తప్పుకుంటున్నారు.

ఎప్పుడు కట్టకూడదు

పడుకునే ముందు. ఈ తప్పు నేను చేశాను. సగం కట్టిన లైను తలలో తిరుగుతూనే ఉంటుంది, రాత్రి రెండింటికి మెలకువ వస్తే అదే వినబడుతుంది. అమెరికాలో మైకేల్ స్కలిన్ బృందం 2021లో చూసిందీ ఇదే: పడుకునేముందు విన్న పాట నిద్రలోనూ మెదడులో మోగుతూ ఉండి నిద్రను చెడగొట్టగలదు. అదే స్కలిన్ 2018లో ఇంకోటి చూపించారు. పడుకునేముందు అయిదు నిమిషాలు రేపు చేయాల్సిన పనుల జాబితా రాసుకున్నవాళ్లకి నిద్ర త్వరగా పట్టింది. కాబట్టి పాట సాయంత్రం ఏడు లోపు, రాత్రికి "పాలవాడికి 640, గ్యాస్ బుక్ చేయాలి". కవిత్వం లేని రాతకి కూడా ఒక వేళ ఉంది.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. కట్టే ముందు మనసు ఎంత తేలిగ్గా ఉందో పదికి ఎంత, కట్టాక ఎంత, మర్నాడు పొద్దున ఎంత, నిద్ర ఎన్ని గంటలు. నాలుగు వారాలు చాలు. చూడాల్సింది "మర్నాడు" గడి. కట్టిన వెంటనే తగ్గి మర్నాడు పెరుగుతుంటే మంచిదే, మందు పనిచేస్తోంది. మర్నాడూ, ఆ మర్నాడూ అంకె దిగుతూనే ఉంటే ఆపేయండి.

రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోవడం, తిండి నిద్ర తప్పడం, బతకాలనిపించకపోవడం ఉంటే ఇది పాటతో తేలే సంగతి కాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 మీద చేయొచ్చు, రాత్రి పగలు ఉంటుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. చావు గురించిన లైను మీ నోటుబుక్కులో పదేపదే వస్తోందా? నడక బాగుందా, మాత్రలు సరిపోయాయా అని చూడకండి. ముందు ఫోన్ చేయండి.

ఎవరికి వినిపించాలి

దీనికి తొందర లేదు. మొదటి మూడు పాటలు ఎవరికీ వినిపించకపోవడమే మంచిది. వినేవాడు తలలోకి రాగానే చేయి బాగున్న అబద్ధాల వైపు వెళ్తుంది.

యూట్యూబ్‌లో పెట్టి ఎన్ని వ్యూస్ వచ్చాయని గంటకోసారి చూసుకునేవాళ్లకి ఆరోగ్యం సంగతి వేరే చెప్పాలి. 2016లో బ్రిటన్‌లో సంగీతం మీద బతికే 2,211 మంది తమంతట తాము పాల్గొన్న ఒక సర్వేలో 71 శాతం మంది తీవ్రమైన ఆందోళన వచ్చిందన్నారు, 68.5 శాతం మంది కుంగుబాటు ఉందన్నారు. ఇష్టమున్నవాళ్లే జవాబిచ్చిన సర్వే కాబట్టి అంకెల్ని కాస్త తగ్గించి చదవాలేమో. అయినా, పాట నుంచి అన్నం రావాలనుకున్నప్పుడు పాట మీద పడే బరువు వేరు. మీరు మాత్రం ఉద్యోగం చేసుకుంటూ ఊరికే కట్టుకోండి.

మొదట వినిపించడానికి ఒక్క మనిషి చాలు. సలహా ఇవ్వని మనిషై ఉండాలి. నేను తప్పుచేశాను. పాట పూర్తయిన ఉత్సాహంలో కుటుంబం వాట్సాప్ గ్రూపులో పాడి పెట్టాను. బాబాయి రెండు దండాల బొమ్మలు పెట్టాడు. వదిన వరస ఒకావిడ గులాబీ పువ్వు పెట్టింది. మా చెల్లెలు ఏమీ పెట్టలేదు. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు తనే చేసింది.

"నాన్న ఫోన్ ఇంకా ఛార్జింగ్ పెడుతున్నావా అన్నయ్యా?"

"ఆ."

"నాకు చెప్పలేదే."

ఏం చెప్పాలో తెలియలేదు. మూడు నెలలు ఇద్దరం విడివిడిగా మోసిన సంగతి. తనేమో ఆ ఫోన్‌కి వారానికోసారి మిస్డ్ కాల్ ఇస్తోందట, రింగ్ వినడానికి. సైలెంట్‌లో ఉండటంతో నాకు తెలియలేదు. అలారం సైలెంట్‌లోనూ మోగుతుంది, కాల్ మోగదు. అలా ఇద్దరం ఏడ్చి, ఆ తర్వాత దేనికో నవ్వుకున్నాం. పాట వినిపించడం వల్ల నాకు జరిగిన మేలు ఏదైనా ఉంటే ఆ ముప్పావు గంట ఫోన్ కాలే.

చెల్లెలు చిన్నప్పుడు నాలుగేళ్లు సంగీతం నేర్చుకుంది. పెట్టేసేముందు అంది:

"మొదటి చరణం చివర ఒక మాత్ర తగ్గింది చూశావా? లేదు అంటే మూడే. పదిహేనే వచ్చాయి."

"చూశాను."

"లేదూ అని సాగదీసి సర్దేద్దామా?"

"వద్దులే. ఉండనీ."